ప్రాగు నగరమున మొగలాయి కథ

గడచిన వేసవిలో మా అల్లుడు ఒక ధ్వనిముద్రికల జతను తెచ్చి, "మామయ్యగారూ, ఇది మన దేశపు కథట, వినండి" అని మా చేతికిచ్చినాడు. భాష ఇటాలియను. స్వరకర్త వెనిసు నగరవాసియగు అంతోనియో వివాల్డి. రచన పేరు 'ఆర్గిప్పో'. మేము పదవ తరగతితో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి వెలగబెట్టినవారము. పాశ్చాత్య సంగీతమున మాకు పరిచయము సున్న. మొదటి రాత్రి సగము విని ఆపివేసితిమి. వంటింటిలో నుండి మా యింటావిడ, "అది పాటా, ఏడుపా?" అని అడిగినది. మూడవ నాటికి కథ తెలిసికొని వినుటతో, ఏ పాట ఎవరిదో, ఎవరు కోపించుచున్నారో, ఎవరు మొరపెట్టుకొనుచున్నారో కొంత బోధపడజొచ్చినది. ఆ తరువాత దాని చరిత్రమును విచారించి తెలిసికొన్నాము. పాటకంటె చరిత్రమే మమ్ము ఎక్కువగా పట్టుకొన్నది.

ఓపెరా యనగా ఆద్యంతము పాడి ఆడెడు నాటకము. పదునేడవ శతాబ్ది ఆరంభము నుండి పదునెనిమిదవ శతాబ్ది నడుమ వరకు ఐరోపాలో వెలసిన సంగీతమునకు 'బరోక్' అని పేరు. ఆ మాటకు మూలము వంకరగానున్న ముత్యమును తెలుపు పోర్చుగీసు పదమని చెప్పుదురు. తొలుత ఎగతాళికి పెట్టిన పేరు తరువాత గౌరవవాచకమైనది. ఈ నాటకములలో కథను నడుపు భాగము మాటకును పాటకును నడుమ నుండును. మన యక్షగానములలోని సంధివచనము వంటిదనుకొనవచ్చును. పాత్ర మనసు పొంగినపుడు మాత్రము కథ ఆగును, పాట మొదలగును. ఇది మన దరువు స్థానము. ఆ పాటకు రెండు భాగములు. రెండవది ముగియగానే మరల మొదటికి వచ్చి, ఈసారి గాయకుడు తన విద్యంతయు చూపి గమకములతో నింపును. పల్లవిని మరల మరల అందుకొని మెరుగులు దిద్దు మన భాగవతులను విన్నవారికి ఇది క్రొత్త కాదు.

ఇక కథ. దొమెనికో లల్లి యను కవి వ్రాసినది. 1717లో జొవాన్ని పోర్తా అనువాడు దీనికి స్వరములు కూర్చగా వెనిసులో ఆడిరి. మొగలు చక్రవర్తి పేరు తిసిఫారో! ఆయన కూతురు జనైదా. సామంతరాజు ఆర్గిప్పో, అతని భార్య ఓసిరా. సిల్వెరో యను వాడు చీకటిలో తానే ఆర్గిప్పోనని నమ్మించి జనైదాను రహస్యముగ వరించెను. పిమ్మట అసలు ఆర్గిప్పో భార్యాసమేతుడై కొలువునకు రాగా, జనైదా అతడే తన భర్త యనును. తండ్రి ఉగ్రుడగును. ఏ పాపము నెరుగని ఓసిరా ప్రాణములకును ముప్పు వాటిల్లును. తుదకు సిల్వెరో నిజము నొప్పుకొనును. ఈ పేర్లలో ఒక్కటియు మన దేశమున ఎవరును పెట్టుకొన్న పేరు కాదు. ఆ కాలపు ఐరోపా నాటకకర్తలకు ఇండియా యన్నను, పారశీకమన్నను, మెక్సికో యన్నను ఒక్కటే. దూరదేశము, ధనవంతుడగు రాజు, అంతే. అది వారి అజ్ఞానమని మేము నవ్వుకొంటిమి. కాని మన యక్షగానములలో మిథిలానగర వీధులు అచ్చముగ తంజావూరు వీధులవలెనే యుండుట గుర్తునకు వచ్చి నవ్వు మానుకొంటిమి.

ఈ కథకే వివాల్డి క్రొత్తగా స్వరములు కూర్చగా 1730లో బొహీమియా దేశమున ప్రాగు నగరమున ఆడిరి. స్పోర్క్ ప్రభువు అను జమీందారునకు అక్కడ నాటకశాల యుండెను. వెనిసు నుండి అంతోనియో దెన్జియో అనువాడు గాయక బృందమును తోడ్కొనిపోయి, 1724 మొదలు సుమారు పదేండ్లు అందు ఇటాలియను నాటకములు ఆడించెను. పరభాషా ప్రాంతమున తమ భాషలో పాడి బ్రదికిన బృందమని విన్నపుడు మన సంఘ సభ్యులకు ఆ దెన్జియో పరాయివాడుగా తోచడు.

1730లో ఢిల్లీ సింహాసనముపై నున్నది తిసిఫారో కాదు, మహమ్మదు షా. అదే కాలమున మా తంజావూరును ఏలినవాడు మొదటి తుళజ మహారాజు. మహారాష్ట్రుడు, తమిళ సీమకు ప్రభువు, సంస్కృతమున 'సంగీత సారామృతము' అను శాస్త్రగ్రంథమును, తెలుగున యక్షగానములను రచించినవాడు. ఆయనకు ముందు 1684 నుండి 1712 వరకు ఏలిన శాహజీ మహారాజు 'పల్లకీ సేవా ప్రబంధము'ను తెలుగుననే రచించెను. అది ఎంతో కాలము వ్రాతప్రతులయందే యుండి, 1955లో ఆచార్య పి. సాంబమూర్తిగారి పరిష్కరణముతో అచ్చుకెక్కినది. ప్రాగులో ఇటాలియను పాట, తంజావూరున తెలుగు పాట. రెండును ఆ ఊళ్ల సామాన్యుని మాతృభాషలు కావు. మన ఇండ్లలో తెలుగు ఇంకను వినబడుటకు ఆ రాజుల అభిరుచియే కొంత కారణము.

మరి 'ఆర్గిప్పో' ఎట్లు పోయినది? ఆ రోజులలో నాటకపు మాటలను చిన్న పుస్తకముగ అచ్చువేసి ప్రేక్షకులకు అమ్మెడివారు. సంగీతము మాత్రము చేతివ్రాతయే. ప్రతి సంవత్సరము క్రొత్త నాటకము కావలసినదే గాని, పోయిన యేటి నాటకము నడుగువాడు లేడు. కావున ప్రతులు చిరిగిపోయినవి, చేతులు మారినవి. వివాల్డియే 1741లో వియన్నాలో పేదరికమున మరణించి, తరువాత చాలకాలము మరుగున పడెను.

ఆయన సొంత ప్రతులు బయటపడిన తీరు వేరొక కథ. దానిని చెప్పకుండ ముందుకు పోజాలము. 1926లో ఇటలీ దేశమున బోర్గో సాన్ మార్తీనో అను ఊరి మతగురువుల పాఠశాలవారు, తమ యొద్ద నున్న పాత సంపుటములను అమ్మదలచి, వెలకట్టుటకై ట్యూరిను నగర గ్రంథాలయము నాశ్రయించిరి. అల్బెర్తో జెంతీలి అను ఆచార్యుడు పరిశీలించి, అవి వివాల్డి ప్రతులని గుర్తించుటయే గాక, ఇవి సగమే, తక్కిన సగము మరియొకచోట నున్నదని కనిపెట్టెను. ఆ రెండవ సగము జెనోవాలో దురాజ్జో వంశీయుల ఇంట నుండెను. కొనుటకు గ్రంథాలయమునకు ధనము లేదు. 1927లో రొబెర్తో ఫొఆ అను షేరుబజారు దళారి మొదటి భాగమును కొని, చనిపోయిన తన పసిబిడ్డ పేర సమర్పించెను. రెండవ భాగమునకు 1930లో ఫిలిప్పో జొర్దానో అను వస్త్ర వ్యాపారి ముందుకు వచ్చెను. ఆయనయు కుమారుని పోగొట్టుకొన్నవాడే. నేటికిని ఆ 27 సంపుటములు ఆ యిద్దరు బాలుర పేర్లతోనే వ్యవహరింపబడుచున్నవి. ఈ సంగతి చదివిన పూట మాకు అన్నము సహించలేదు.

ఆ 27లోను 'ఆర్గిప్పో' లేదు. దానిని వెదకినవాడు ఓండ్రెయ్ మాట్సెక్ అను చెకు దేశీయుడు, వాద్యకారుడు, బృందనాయకుడు. ఆయన వివాల్డిని పట్టుకొని పోలేదు. దెన్జియో బృందమువారు ప్రాగు విడిచి ఎటు పోయిరని ఆరా తీసెను. ఆ జాడ జర్మనీలోని రెగెన్స్‌బుర్గ్ నగరమునకు చేర్చినది. అచ్చట తూర్న్ ఉండ్ టాక్సిస్ రాజవంశమువారి దస్తరము గలదు. ఈ వంశమువారు తరతరములుగ ఐరోపాలో తపాలా నడిపినవారు. తపాలా నడిపినవారు కాగితము పారవేయరని మా నమ్మకము! 2006లో అందొక పాటల కట్ట మాట్సెక్ కంటబడెను. పై అట్టమీద కర్త పేరు లేదు. అందలి మాటలను 1730 నాటి అచ్చుపుస్తకముతో సరిచూడగా అవి 'ఆర్గిప్పో' పాటలు. రికార్డు గదిలో పనిచేసినవారికి దీని విలువ తెలియును. పేరులేని కట్టను అటకమీద నుంచుట సులభము, తగులబెట్టుట ఇంకను సులభము. మా యుద్యోగ కాలమున ఒక కచేరీలో మూడు తరముల చిట్టాలను పెరటిలో పోసి నిప్పు పెట్టగా, నిలబడి లెక్క వ్రాసికొన్నవారము మేమే.

దొరికినది మొత్తములో సుమారు మూడింట రెండు వంతులు. తక్కిన దానిని మాట్సెక్ వివాల్డి ఇతర రచనల నుండి తెచ్చి పూరించెను. ఇది సబబా యని అడుగువారున్నారు. ఏది దొరికినది, ఏది అతికినది స్పష్టముగ చెప్పినంతవరకు తప్పులేదని మా అభిప్రాయము. ఆ కాలమున వివాల్డి కూడ తన పాత పాటలను క్రొత్త నాటకములలో చేర్చెడివాడే. 2008 మే 3వ తేదీన ప్రాగు కోటలోని స్పానిష్ మందిరమున, 278 ఏండ్ల తరువాత, 'ఆర్గిప్పో' మరల సభకెక్కినది. 2009లో దాని ధ్వనిముద్రణము వెలువడినది. మా అల్లుడు తెచ్చినది అదే. 2020లో ఫాబియో బియోందీ బృందమువారు డార్మ్‌స్టాట్ నగరపు ప్రతి ననుసరించి మరియొకటి వెలువరించిరి. అందు పలువురి పాటలు కలగలిసియున్నవి.

ఇది వినుచుండగా మాకు మా ఇల్లే తలపునకు వచ్చుచుండెను. మా నాయనమ్మ ఒక యక్షగానపు దరువులను పాడుచుండెడిది. దాని పుస్తకము కొయ్యపెట్టెలో నుండెను. మేలట్టూరువారు వేంకటరామశాస్త్రిగారి నాటకములను నృసింహజయంతికి ఆడుచు నిలుపుకొనిరి. మా ఊరివారికి ఆ ఓపిక లేకపోయినది. 1979లో ఇంటికి సున్నము వేయించు సందడిలో ఆ పెట్టెలోని కాగితములను తూకమునకు వేసినది మేమే. తెలుగు చదువగలవారు అప్పటికి ఇంటిలో ఇద్దరే. చదువవలెనని మాకు తోచలేదు. నాయనమ్మ మాతో ఒక్క మాటయు అనలేదు. పిమ్మట అయిదేండ్లకు, సిగ్గుపడి, ఎరవు తెచ్చిన టేపురికార్డరు ముందు ఆమెను కూర్చుండబెట్టితిమి. వసారాలో ఎదురుగ మనుమలు, ఇరుగుపొరుగు ఆడవారు. ఆమె దగ్గుచు, మరచినచోట నవ్వుచు, పదకొండు దరువులు పాడినది. కాకుల అరుపు, గిలక చప్పుడు, ఎవరో బిడ్డను కసరుట, అన్నియు అందున్నవి. రెండింటిలో మాటలు తెలియకున్నవి. ప్రాగు నాటకమునకు మాటలు మిగిలి రాగము పోయినది. మాకు రాగము మిగిలి మాటలు పోయినవి.

మొన్న కార్తికమున హోసూరులోని మా పినతండ్రి కుమారుని ఇంట ఒక నోటుపుస్తకము బయటపడినది. భాష తెలుగు, లిపి తమిళము. అట్ట చిరిగినది, పేరు లేదు. 'ప'కారమో 'బ'కారమో, 'త'కారమో 'ద'కారమో పాటను పట్టియే గ్రహింపవలెను. సాయంకాలములందు టేపును ఆపుచు నడుపుచు, దాని ప్రక్కన మేము తెలుగు లిపిలో ఎత్తి వ్రాయుచున్నాము. ఇంతవరకు నాలుగు దరువులు సరిపోయినవి. ఏడవ పుటలోని అయిదవది తెలియని రెండింటిలో ఒకటి కావచ్చునని మా యింటావిడ యనుచున్నది. చెవి మాకంటె ఆమెకే బాగుగ నున్నది.