ఎవరి పక్షాన ఈ తేలిక మాట?

అర్థశాస్త్రం కష్టమని అందరూ అంటారు. ఆ కష్టాన్ని తేలిక చేసి చెప్పే పని మాత్రం చరిత్రలో తరచుగా ఆడవాళ్ళ చేతికే వచ్చింది. విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు మూసి ఉన్న రోజుల్లో సిద్ధాంతం మగవాళ్ళది, దాన్ని పిల్లలకూ పనివాళ్ళకూ అర్థమయ్యేలా చెప్పడం ఆడవాళ్ళది. వంటింటి పక్కన ఇంకో గది అన్నమాట. ఆ గదిలో కూర్చుని వాళ్ళేం చేశారు?

1816లో ఇంగ్లండులో జేన్ మార్సెట్ రాసిన పుస్తకంలో మిసెస్ బి. అనే ఆవిడ, కరోలిన్ అనే అమ్మాయి ఆస్తి గురించీ కూలి గురించీ సంభాషిస్తారు. అది చదివిన హారియట్ మార్టినో ఇంకో అడుగు వేసి, 1832 నుంచి 1834 దాకా నెలనెలా అర్థశాస్త్రాన్ని కథలుగా రాసింది. తండ్రి వ్యాపారం దివాలా తీసింది, తనకు చెవులు సరిగా వినిపించవు. అయినా కలం మీదే బతికి చూపించింది. ఆ ధైర్యం నాకు ఇష్టం.

కానీ ఆ కథలు ఏం చెప్పాయి? మాంచెస్టర్ సమ్మె కథలో కార్మికనాయకుడు ఎలెన్ నిజాయితీపరుడు. సమ్మె ఓడిపోతుంది. మిల్లులో మళ్ళీ పని దొరక్క అతను వీధులు ఊడ్చుకుని బతుకుతాడు. కూలికి కేటాయించే నిధి ఇంతే, సమ్మెతో అది ఇంకా తరుగుతుందన్నది నీతి. ఈ నిధి సిద్ధాంతాన్ని జాన్ స్టూవర్ట్ మిల్ 1869లో తానే వదులుకున్నాడు. అప్పటికి ఎన్ని వేలమంది దాన్ని సత్యమని చదివి ఉంటారు! పేదల చట్టం మార్పులను సమర్థిస్తూ కూడా ఆమె కథలు రాసింది. 1834లో వచ్చిన ఆ చట్టం పెళ్ళికాని తల్లి మీదే బిడ్డ భారమంతా మోపింది. తేలికగా చెప్పినంత మాత్రాన పేదల పక్షం అయిపోదు.

రోజా లక్సెంబర్గ్ దారి వేరు. 1907 నుంచి 1914 దాకా బెర్లిన్‌లో సోషల్ డెమోక్రటిక్ పార్టీ పాఠశాలలో కార్మికులకు అర్థశాస్త్రం చెప్పింది. ఆ పాఠాల నుంచే సామాన్యుల కోసం ఒక పరిచయ గ్రంథం రాయబోయింది. 1912 మొదట్లో అది పూర్తి చేయబోతుంటే, పెట్టుబడి ఎలా విస్తరిస్తుందో వివరించే చోట మార్క్స్ లెక్క ఆమెకు పొసగలేదు. ఆ చిక్కు విప్పుతూ రాసిందే 1913 నాటి ‘పెట్టుబడి సంచయం’. పరిచయ గ్రంథం పూర్తి కాలేదు. ఆమె హత్య తర్వాత 1925లో అచ్చయింది. తేలికగా చెప్పడాన్ని తక్కువ పనిగా చూసేవాళ్ళకు ఇంతకంటే జవాబేముంది? ఎదుటివాళ్ళకు అర్థం కావాలని తపించినప్పుడే సిద్ధాంతంలోని బొక్క కనబడింది.

తెలుగులో ఈ పనికి కూర్చున్నది రంగనాయకమ్మ. ‘కాపిటల్’ పరిచయం రాసి, ‘పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం’ కూడా రాసింది. ఆమెతో వాదించేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కానీ అదనపు విలువ గురించి తెలుగులో వాదించడానికి మాటలు దొరకడం చిన్న సంగతి కాదు.

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే స్త్రీలతో ఒకసారి ముక్కకూలి గురించి మాట్లాడాను. పనిగంటల కూలే వేషం మార్చుకుని ముక్కకూలి అవుతుందన్న మార్క్స్ మాట వాళ్ళకు వెంటనే అందింది. ఒకామె అడిగింది: "వెయ్యి బీడీలకు ఇంత అని ఇస్తరు మేడమ్. మా పిల్ల ఆకు కత్తిరిస్తది, మా అత్తమ్మ దారం చుడతది. ఆళ్ళ కూలేది? వంట నేనే చేస్త, దాని లెక్కేది?"

ఈ ప్రశ్ననే మార్లిన్ వేరింగ్ 1988లో పుస్తకంగా రాసి జాతీయాదాయ లెక్కల ముందు పెట్టింది. 1993లో ఐక్యరాజ్యసమితి ఆ లెక్కల పద్ధతిని సవరించినా, ఇంట్లో వంటా పిల్లల పెంపకం బయటే ఉండిపోయాయి. మన దేశంలో 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు.

ఆ నిమిషాలను బీడీల వెయ్యితో కలిపి లెక్క చెప్పే పుస్తకం తెలుగులో ఇంకా రావాలి. దాన్ని రాసేవాళ్ళు మొదట ఆమె ప్రశ్నకు జవాబు రాయాలి. రాశాక ఆమెకే చదివి వినిపించాలి.