క్రాంకు ఒక కొలత.. ఫ్రేము ఒక కొలత
అడాప్టరు కొనే ముందు ఇరుసు పొడవునూ చూడవలసిందే

ఫ్రేము ఒకచోట, క్రాంకులు మరొకచోట కొని గేర్ల సైకిలును సొంతంగా కూర్చుకునేవారికి చివరి దశలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫ్రేము అడుగున ఉన్న గొట్టంలో క్రాంకు ఇరుసు సరిగా కూర్చోదు. దూరకపోవడమో, దూరినా వదులుగా ఊగడమో జరుగుతుంది. అడాప్టరు వేస్తే సరిపోతుందని దుకాణంలో చెబుతారు. ఆ మాట చాలావరకు నిజమే. అయితే ఏ అడాప్టరు అన్నది కొలతలు తేల్చవలసిన విషయం. తప్పుగా ఎంచుకుంటే నష్టం దాని ధరతో పోదు. సరిపడని కప్పును సుత్తితో దిగ్గొడితే అల్యూమినియం గొట్టం సాగుతుంది, కార్బన్ గొట్టం పగులుతుంది. ఒకసారి సాగిన గొట్టంలో ఆపై ఏ బేరింగూ బిగువుగా నిలవదు.

ఈ గొట్టాన్ని బాటమ్ బ్రాకెట్ షెల్ అంటారు. మెకానిక్కుల నోట అది బీబీ. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు కొలతలు తీసుకోవాలి. గొట్టం లోపలి వ్యాసం, గొట్టం వెడల్పు, ఇరుసు మందం, ఇరుసు పొడవు. మొదటి మూడింటినీ చూసి నాలుగోదాన్ని విస్మరించడం వల్లనే ఎక్కువమంది నష్టపోతున్నారు.

మర ఉందా, లేదా?

గొట్టం లోపల మర ఉంటే పని సులువు. అత్యధిక సైకిళ్లలో ఉండేది బీఎస్ఏ మర. దాని వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, గొట్టం వెడల్పు 68 లేదా 73 మిల్లీమీటర్లు. ఇందులో గొలుసు వైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది కనుక దాన్ని అపసవ్యదిశలో తిప్పి బిగించాలి. ఇది తెలియక బలవంతాన తిప్పి మరలు అరగదీసిన ఫ్రేములు అనేకం. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే పాత ఇంగ్లండు సంస్థ. మన దేశంలో అదే పేరుతో సైకిళ్లు అమ్ముడవుతున్నందున, ఫ్రేముపై ఆ పేరు కనిపిస్తే మర కూడా అదేనని భావించరాదు. కొలిచి చూడాలి. పాత ఇటలీ రేసు ఫ్రేములలో మర 36 మిల్లీమీటర్లు, వెడల్పు 70 మిల్లీమీటర్లు ఉంటుంది. అక్కడ రెండు వైపులా కుడి మరే.

మర లేని గొట్టాలలో అసలు గందరగోళం మొదలవుతుంది. బీబీ30 రకంలో లోపలి వ్యాసం 42 మిల్లీమీటర్లు, పీఎఫ్30లో 46. ఈ రెండింటి వెడల్పు రోడ్డు సైకిళ్లలో సాధారణంగా 68. బీబీ86 రకంలో వ్యాసం 41, వెడల్పు 86.5. బీబీ386లో వ్యాసం 46, వెడల్పు మాత్రం మళ్లీ 86.5. పీఎఫ్30కీ దీనికీ వ్యాసం ఒకటే కావడంతో ఒకదాని అడాప్టరు మరొకదానికి పంపే విక్రేతలూ ఉన్నారు.

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే

బీబీ30 ఫ్రేముకు షిమానో హాలోటెక్ క్రాంకు వేయవలసిన సందర్భం తరచుగా వస్తుంది. ఫ్రేము 30 మిల్లీమీటర్ల ఇరుసును ఆశిస్తుంది, చేతిలోని ఇరుసు మందం 24. పెద్ద రంధ్రంలో చిన్న ఇరుసు కనుక అడాప్టరుకు చోటుంది. అయితే ఈ రోడ్డు క్రాంకు గొట్టానికి బయట అమరే బేరింగుల కోసం రూపొందింది. 68 మిల్లీమీటర్ల గొట్టానికి ఇరువైపులా 9.25 చొప్పున కలిపితే 86.5 అవుతుంది. క్రాంకు కోరేది ఆ 86.5నే. కాబట్టి అడాప్టరు మందాన్ని తగ్గించడమే కాక, రెండు పక్కలా ఆ ఖాళీనీ పూరించాలి.

ఇందుకు మూడు మార్గాలున్నాయి. ఉన్న బీబీ30 బేరింగులలోనే పలుచని తొడుగులు, వాషర్లు వేయడం చవకైన పద్ధతి. కాని కాలక్రమంలో తొడుగు కదిలి కిర్రుమనే శబ్దం మొదలవుతుంది. లోపల మర ఉన్న అల్యూమినియం గొట్టాన్ని జిగురుతో అతికించి, సాధారణ బీఎస్ఏ కప్పులు బిగించడం రెండోది. బేరింగులు ఎక్కడైనా దొరకడం దీని లాభం. అతికించాక ఫ్రేముకు హాని లేకుండా దాన్ని తీయడం కష్టం కనుక తిరిగి 30 మిల్లీమీటర్ల ఇరుసు వాడే ఆలోచన ఉన్నవారికి ఇది తగదు. రెండు కప్పులు గొట్టం మధ్యలో ఒకదానిలో ఒకటి మరతో బిగుసుకునే రకం మూడోది. ధర ఎక్కువైనా, కొలతలు కొద్దిగా తేడా ఉన్న గొట్టంలో కూడా కదలకుండా నిలబడేది ఇదే. ఫ్రేము ఖరీదైనదైతే ఇక్కడ పొదుపు చూడడం తెలివైన పని కాదు.

స్రామ్ జీఎక్స్‌పీ క్రాంకు ఇరుసు గొలుసు వైపు 24, రెండో వైపు 22 మిల్లీమీటర్లు ఉంటుంది. హాలోటెక్ అడాప్టరు వేస్తే ఎడమ పక్క వదులుగా ఉంటుంది. అదే సంస్థ 2018లో తెచ్చిన డబ్ ఇరుసు 28.99 మిల్లీమీటర్లు. దాదాపు 30 కదా అని బీబీ30 బేరింగులో దూర్చరాదు, దాని బేరింగులు దానికే ఉన్నాయి.

అడాప్టరు లేని చిక్కులు

దీనికి తిరగబడిన సందర్భంలో, అంటే బీఎస్ఏ మర ఉన్న ఫ్రేముకు బీబీ30 క్రాంకు కొన్నవారికి, మార్గం లేదు. 30 మిల్లీమీటర్ల ఇరుసును పట్టే బయటి కప్పులు మార్కెట్లో ఉన్నాయి కాని వాటికి బీబీ386 తరహా పొడవైన ఇరుసు కావాలి. బీబీ30 ఇరుసు పొట్టిది, రెండో క్రాంకు చేరదు. గొట్టాన్ని తొలిపించి పెద్దది చేయిస్తామనే సలహాను వినకపోవడం మేలు. ఆ క్రాంకును అమ్మి వేరొకటి కొనడమే చవక.

కొన్ని పిల్లల సైకిళ్లలో, బీఎంఎక్స్‌లలో రెండు క్రాంకులూ ఇరుసూ కలిసి ఒకే కడ్డీగా ఉంటాయి. అక్కడ మర లేని గొట్టం లోపలి వ్యాసం 51.3 మిల్లీమీటర్లు. దీన్ని బీఎస్ఏ మరగా మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. కాటర్ పిన్ను క్రాంకులున్న పాత సైకిలుకు మర 24 చుట్లదైతే అడాప్టరే అక్కరలేదు, చదరపు ఇరుసు కార్ట్రిడ్జి నేరుగా ఎక్కుతుంది. పాత ర్యాలీ సైకిళ్లలో అంగుళానికి 26 చుట్లు ఉంటాయి. వాటికి మరతో పనిలేకుండా గొట్టం లోపల బిగుసుకునే కార్ట్రిడ్జి వాడాలి.

కొలతలు కుదిరాక గొలుసు వరుసనూ పరిశీలించాలి. రోడ్డు సైకిలుకు ఫ్రేము మధ్యరేఖ నుంచి ముందు పళ్ల చక్రాల దాకా 43.5 మిల్లీమీటర్లు, కొండదారి సైకిలుకు సుమారు 50 ఉంటుంది. 68 మిల్లీమీటర్ల గొట్టానికి కొండదారి హాలోటెక్ క్రాంకు వేస్తే 2.5 మిల్లీమీటర్ల వాషర్లు సాధారణంగా గొలుసు వైపు రెండు, ఎడమ వైపు ఒకటి పడతాయి. మర కప్పులను 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బలంతో, ఎడమ క్రాంకు బోల్టులను 12 నుంచి 14 బలంతో బిగించాలి. మర లేని కప్పులను ప్రెస్సుతోనే దించాలి. ఆ పరికరం, టార్క్ రెంచి ఉన్న మెకానిక్కు సమీపంలో లేకుంటే, అవి ఉన్న పట్టణానికి ఫ్రేమును తీసుకెళ్లడానికయ్యే ఖర్చునూ అడాప్టరు ధరతో కలిపి లెక్కవేసుకోవాలి.