హాబిట్ నవల : పాఠనిర్ణయము

గ్రంథపరిష్కరణమున కర్త తుదిసారి దిద్దిన పాఠమే గ్రాహ్యమని సామాన్య నియమము. జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన 'ది హాబిట్' అను అద్భుత నవల విషయమున ఈ నియమము మాత్రమే చాలదు.

1937 నాటి ప్రథమ ముద్రణమున, ఐదవ అధ్యాయమందు, గొల్లమ్ అను గుహావాసి పొడుపుకథల పందెమున తన ఉంగరమును పణముగా ఒడ్డును. అది అప్పటికే కథానాయకుడగు బిల్బో జేబులో నున్నది. ఓడిన గొల్లమ్ ఉంగరము కానక, క్షమాపణ వేడి, త్రోవ చూపును.

పిదప రచించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నందు ఆ ఉంగరమే ధరించినవానిని వశపరచుకొను దుష్టశక్తి యయ్యెను. అట్టిదానిని ఎవడు పణమొడ్డును? కావున టోల్కీన్ ఆ అధ్యాయమును మార్చి 1947లో ప్రకాశకులకు మాదిరిగా పంపెను. కర్త యూహింపకున్నను, వారు దానిని 1951 నాటి ద్వితీయ ముద్రణమున చేర్చిరి. ఇందు పణము త్రోవ చూపుట మాత్రమే. ఉంగరము పోయినదని గొల్లమ్ క్రుద్ధుడై వెంటబడును.

అయినను పూర్వపాఠమును కర్త త్రోసివేయలేదు. 1954లో వెలువడిన ఆ రెండవ గ్రంథపు ఉపోద్ఘాతమున, అది ఉంగరముపై తన హక్కును నిలుపుకొనుటకు బిల్బో కల్పించిన అసత్యమని చెప్పెను. తొలిపాఠము నెరుగని పాఠకునకు ఆ అసత్యము పేరుమాత్రమే. కావున 1951 నాటి పాఠమును ప్రధానముగ గ్రహించి, 1937 నాటి అధ్యాయమును అనుబంధముగ ముద్రించుట యుక్తము.