పెద్దయ్యాక పళ్లకు క్లిప్పులు: అమీర్‌పేటలో దొరకని క్రాష్ కోర్సు

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక ప్రశ్న మీద. పాతికేళ్లు దాటాక పళ్లకు క్లిప్పులు వేయించుకుంటే ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు ముందే చెప్పేస్తాను. పూర్తి ట్రీట్‌మెంట్ అయితే దాదాపు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. 2016లో 22 స్టడీలను కలిపి చూసిన ఒక రివ్యూలో ఫిక్స్‌డ్ క్లిప్పులకు సగటు 19.9 నెలలు వచ్చింది. ముందు పళ్లు రెండు మూడు కాస్త సర్దితే చాలు అన్న కేసు ఆరేడు నెలల్లో అయిపోవచ్చు. పళ్లు తీసి ఆ ఖాళీలు మూయాల్సిన కేసు రెండేళ్లు దాటొచ్చు.

మనవాళ్లకు ఈ లెక్క మింగుడు పడదు. నేను కూడా అమీర్‌పేట బ్యాచే. బీటెక్ అయ్యాక మైత్రీవనం దగ్గర 45 రోజుల కోర్సు చేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఆ సందుల్లో ఏ ఫ్లెక్సీ చూసినా రోజుల లెక్కే ఉంటుంది. అలాంటి చోట హాస్టల్లో ఉండి చదువుకుని, జీతం చేతికొచ్చి, "వచ్చే మాఘమాసంలో పెళ్లి, అప్పటికి పళ్లు సెట్ అయిపోవాలి" అనుకునేవాడికి 20 నెలలు అంటే ఎలా ఉంటుంది చెప్పండి?

కానీ ఈ తొందర మనతో మొదలవలేదు. దీనికి మూడొందల ఏళ్ల హిస్టరీ ఉంది.

1728. ఫ్రాన్స్‌లో పియర్ ఫొషార్ అనే డాక్టర్ దంతవైద్యం మీద పెద్ద పుస్తకం వేశాడు. వంకర పళ్లకు ఆయన దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి నిదానం దారి: బంగారం లేదా వెండి రేకును పంటి వరసకు ఆనించి, దారాలతో పళ్లను దానికి కట్టడం. రెండోది ఫాస్ట్ దారి: పెలికన్ అనే పట్టకారుతో పన్నును పట్టుకుని ఒక్కసారిగా వంచి సరిచేసి, కుదురుకునేదాకా పక్క పళ్లకు కట్టేయడం. మత్తు మందు లేని కాలం అది. వినడానికే దవడ లాగేస్తోంది కదా!

పన్ను నిజానికి ఎలా కదులుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1904 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెట్ కుక్క పళ్లను మూడు వారాలు తీగతో లాగి, ఆ ఎముకను పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూశాడు. మన సబ్జెక్టుకు గుండెకాయ లాంటి విషయం ఇదే.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మెత్తటి పొర ఉంటుంది. తీగ మెల్లగా తోస్తే, ఒత్తిడి పడే వైపు కొన్ని కణాలు ఎముకను కరిగిస్తాయి. వెనక వైపు వేరే కణాలు కొత్త ఎముక కడతాయి. అంటే పన్ను జరగడానికి ముందు గోడ కూల్చాలి, వెనక గోడ కట్టాలి. కూలీలు మన ఒంట్లోవాళ్లే, వాళ్ల పని వాళ్ల స్పీడులోనే.

మరి గట్టిగా తోస్తే? ఆ పొరలో రక్తనాళాలు నలిగిపోతాయి, అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఆ చెత్త క్లియర్ అయ్యేదాకా పన్ను వారాల తరబడి కదలదు. పైగా వేరు కొస అరిగిపోయే ప్రమాదం ఉంది, అరిగి పొట్టిదైన వేరు మళ్లీ పెరగదు. తొందరపెడితే లేటవుతుంది, నష్టం కూడా జరుగుతుంది.

సగటున నెలకు ఒక మిల్లీమీటరు అనుకోండి. పన్ను తీసిన ఖాళీ సుమారు 7 మిల్లీమీటర్లు. అది మూయడానికే ఏడు నెలలు. అంతకు ముందు వంకరలు తీయడానికి ఆరు నెలలు, చివర్లో పైపళ్లూ కిందిపళ్లూ సరిగ్గా కలిసేలా సర్దడానికి ఇంకో అయిదారు. కూడండి, ఏడాదిన్నర దాటేసింది.

అయితే ఈ వందేళ్ల ఇన్వెన్షన్స్ అన్నీ ఏం చేసినట్టు? చాలానే చేశాయి. అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ 1900లో ఈ శాస్త్రానికి మొదటి స్కూల్ పెట్టాడు. 1928లో ఆయన ప్రకటించిన దీర్ఘచతురస్రాకారపు గాడి డిజైనే ఇవాళ్టి బ్రాకెట్లకు పునాది. అప్పట్లో ప్రతి పన్ను చుట్టూ లోహపు రింగు తొడగాల్సి వచ్చేది. 1955లో మైఖేల్ బ్యూనోకోర్, పంటి పైపొర మీద యాసిడ్ రాస్తే అతుకు గట్టిగా పడుతుందని చూపించాడు. దాంతో తర్వాతి కాలంలో రింగులు పోయి, అతికించే బ్రాకెట్లు వచ్చాయి. ఇక నిటినాల్ అనే తీగ అమెరికా నేవీ ల్యాబ్‌లో పుట్టింది. ఎంత వంచినా మళ్లీ తన ఆకారానికి వచ్చే ఈ లోహాన్ని 1970ల్లో జార్జ్ ఆండ్రియాసెన్ పళ్ల మీదకు తెచ్చాడు. తక్కువ బలంతో, ఎక్కువ రోజులు తోస్తుంది కాబట్టి మాటిమాటికీ తీగ మార్చే పని తగ్గింది.

1997లో అలైన్ టెక్నాలజీ మొదలైంది. ఫౌండర్లలో ఒకరైన జియా చిష్తీ పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకున్నవాడే. ఆ అనుభవంలోంచే కనిపించని ప్లాస్టిక్ అలైనర్ ఐడియా పుట్టింది. ఒక్కో అలైనర్ పన్నును జరిపేది సుమారు 0.25 మిల్లీమీటర్లు, వారం పది రోజులకు ఒకటి మారుస్తారు. తిప్పి తిప్పి లెక్కేయండి, మళ్లీ నెలకు ఒక మిల్లీమీటరు దగ్గరికే వచ్చాం!

నాకు అర్థమైంది ఇదీ. టెక్నాలజీ నొప్పి తగ్గించింది, క్లినిక్ చుట్టూ తిరగడం తగ్గించింది, అందం పెంచింది. ఎముక కూలే, కట్టే వేగం మాత్రం సాండ్‌స్టెట్ కాలంలో ఎంతో ఇప్పుడూ అంతే. వైబ్రేషన్ పరికరాలు వచ్చాయి, కానీ ట్రయల్స్‌లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఎముక మీద చిన్న గాట్లు పెట్టే సర్జరీ వచ్చింది. దాని ఊపు కొన్ని నెలలే ఉంటుంది, పైగా అదో ఆపరేషన్.

పెద్దవాళ్లకు ఎక్కువ టైమ్ పడుతుందా? మొదటి కదలిక కాస్త ఆలస్యం. మొదలయ్యాక వేగంలో పెద్ద తేడా లేదు. పిల్లల్లో పెరిగే దవడను డాక్టర్ వాడుకోగలడు, మనకు ఆ చాన్స్ లేదు. అందుకే వయసు కంటే చిగుళ్లు ముఖ్యం. చిగుళ్ల జబ్బుంటే ముందు అది తగ్గాలి, తర్వాతే తీగ.

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1959లో ఉస్మానియా మెడికల్ కాలేజీలో డెంటల్ విభాగంగా మొదలైంది. ఇప్పుడు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిస్తే డెంటల్ బోర్డులకు కొదవ లేదు. బోర్డు చూసి ఆగిపోకండి. బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చేశారా అని అడగండి. ఎన్ని మిల్లీమీటర్లు జరపాలి, పళ్లు తీయాలా, వేర్ల ఎక్స్‌రే ఏం చెబుతోంది, ఇవీ అడగండి. ముహూర్తం దగ్గరపడితే డాక్టర్‌తో మాట్లాడి అలైనర్ ఎంచుకోవచ్చు. ఫొటోల టైమ్‌కి తీసి జేబులో పెట్టుకోవచ్చు. పెళ్లయ్యాక కూడా ట్రీట్‌మెంట్ నడుస్తుంది, తప్పేం లేదు.

ఇంకొకటి, క్లిప్పులు తీసిన రోజు పని అయిపోదు. చిగుళ్లలో సాగిన నారలు కుదురుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. 1981లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు రిటైనర్ మానేసి పదేళ్లయిన 65 మందిని చూస్తే, మూడింట రెండు వంతుల మందికి కింది ముందు పళ్ల వరస మళ్లీ చెడింది. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు రాత్రిపూట రిటైనర్ ఏళ్ల తరబడి పెట్టుకోమంటారు.

మన ఖైరతాబాద్ గణేశుణ్ణే చూడండి. 1954లో ఒక్క అడుగు విగ్రహం, ఏటా ఒక్కో అడుగు పెంచుకుంటూ 2014కి 60 అడుగులైంది. అడుగు చొప్పున ఆయన అంత ఎదిగాడు. మనకు కావాల్సింది నెలకు ఒక మిల్లీమీటరే. మీ డాక్టర్ ఎన్ని నెలలు చెప్పారో, అందులో ఏ పనికి ఎన్ని నెలలో ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ లెక్క చెప్పకుండా "మూడు నెలల్లో గ్యారంటీ" అన్నవాళ్ల దగ్గర అడ్వాన్స్ కట్టకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.