మూసిన తలుపు



ఇంగ్లండు దేశచరిత్రను నేను బడిలో బహుకాలము బోధించితిని. 1642, 1649 అను సంవత్సరములను పిల్లలచేత వల్లె వేయించితిని. అయినను ఆ చరిత్రలోని యొక తలుపు చప్పుడు మాత్రము పదవీవిరమణానంతరమే నా చెవిని బడినది.

మా మనుమడు తన సెల్‌ఫోనులో నాకొక వీడియో చూపెను. 2023వ సంవత్సరము నవంబరు 7వ తేదీన మూడవ చార్లెసు రాజు లండనులో పార్లమెంటును ప్రారంభించిన యుత్సవ మది. గుఱ్ఱముల బండి, కిరీటము, ఎఱ్ఱని యంగీలు తొడిగిన ప్రభువులు, ఇవియే చాలసేపు కనబడినవి. పిదప రాజు ప్రభువుల సభలో సింహాసన మధిష్ఠించి, ప్రజాసభవారిని తోడ్కొని రమ్మని యొక యధికారిని పంపెను. చేత నల్లని కోల పట్టుటచే ఆ పదవికి నల్లకోల యనియే పేరు. నాడు దానిని ధరించినది సారా క్లార్కు. 2018లో ఆమెకు పూర్వము స్త్రీలెవ్వరును ఆ పదవి నెఱుగరు. ఆమె ద్వారమును సమీపించుటయే తడవుగ, లోపలివారు ఆమె ముఖముమీదనే తలుపు దభాలున మూసిరి! ముమ్మారు కోలతో తట్టినగాని తీయలేదు.

“రాజుగారు కబురు పంపితే తలుపు మూసేస్తారా, తాతయ్యా?” యని మనుమడు నవ్వెను. నేను నవ్వలేకపోతిని.

మొదటి చార్లెసు 1629 మొదలు పదునొకండేండ్లు పార్లమెంటును పిలువకయే రాజ్యమేలెను. సభ సమ్మతి లేకయే ఓడల పన్ను వసూలు చేసెను. ఆ పన్ను చెల్లించనన్న జాన్ హాంప్డెను, సభలో అగ్రగణ్యుడైన జాన్ పిమ్, మఱి ముగ్గురు సభ్యులు రాజద్రోహులని యభియోగము మోపి, 1642 జనవరి 4వ తేదీన వారిని పట్టుకొనుటకు ఆయుధపాణులను వెంటబెట్టుకొని స్వయముగ సభకు వచ్చెను. సైనికులు ద్వారముకడ నిలిచిరి. వారి కత్తులు లోపలివారి కంటబడునట్లు తలుపు మూయనీయక తెఱచియే యుంచిరి. ఈ సంగతి యెఱిగిన పిదపనే నేటి తలుపు మూత నాకు బోధపడినది.

రాజు సభాపతి పీఠముకడ నిలిచి, ఆ యైదుగురెక్కడ నని యడిగెను. వారప్పటికే పడవ యెక్కి థేమ్సు నదిమీదుగ తప్పించుకొనిరి. సభాపతి విలియం లెంథాలు ధైర్యశాలియని పేరుపొందినవాడు కాడు. అతడు మోకరిల్లి, ఈ సభ యాజ్ఞాపించినగాని చూచుటకు నాకు కన్నులు లేవు, పలుకుటకు నాలుక లేదని మనవిచేసెను. మోకాళ్లతో ప్రభువునకు మ్రొక్కి, నోటితో కాదనుట! రాజు వట్టిచేతులతో మరలిపోయెను. ఆ యాగస్టులోనే యుద్ధము సాగినది. 1649 జనవరి 30వ తేదీన ఆ రాజు శిరస్సు ఖండితమైనది. 1642 తరువాత నే రాజును, ఏ రాణియు ప్రజాసభ కొలువుతీరియుండగా అందులో నడుగిడలేదు.

ఇంతమాత్రమున ఆ సభను మితిమీఱి పొగడ నేనొల్లను. 1642లో దానికి సభ్యుల నెన్నుకొన్నవారు ఆస్తిపరులైన పురుషులే. స్త్రీలకు పురుషులతో సమానముగ వోటు 1928లోగాని రాలేదు. తనవారి నైదుగురను రాజున కప్పగింపని యా సభయే, మనమెన్నుకొన్నవా డొక్కడైన లేకుండ, మనలను 1947 వఱకు శాసించినది. 1892లో దాదాభాయి నౌరోజీ అందులో సభ్యుడయ్యెననిన, ఆయనను పంపినవారు లండను వోటర్లే. అయినను మన రాజ్యాంగమును వ్రాసిన పెద్దలు 105వ యధికరణములో, మన పార్లమెంటు తన హక్కులను తాను నిర్ణయించుకొనువఱకు అవి ఆ ప్రజాసభ హక్కులే యని పేరుపెట్టి వ్రాసిరి. 1978 నాటి సవరణతో ఆ పేరు తొలగినది.

మనుమనిచేత ఆ వీడియో మరల పెట్టించుకొంటిని. తలుపు తెఱచిన తరువాతనైన సభ్యులు పరుగున పోలేదు. ఇరువురిరువురుగ, మాటలాడుకొనుచు, తాపీగా నడిచిరి. అంతవఱకును ఆ మూడవ చార్లెసు కిరీటధారియై, అవతలి సభలో, మాటాడక వేచియుండెను.