ఒళ్లు వెచ్చబడకుండానే

2024 చివర్లో ఆదోని, ఎమ్మిగనూరులకు అంత దూరం కాని కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న కబురు పుట్టగానే చుట్టుపక్కల ఊళ్లు ఎదురు తిరిగాయి. రేడియేషన్ ఒంటిని ఏం చేస్తుందన్న ప్రశ్న మాత్రం ఆ గొడవ కంటే చాలా పాతది.

1901లో భౌతిక శాస్త్రవేత్త బెకరల్ రేడియం ఉన్న చిన్న గొట్టాన్ని జేబులో వేసుకు తిరిగాడు. కొన్నాళ్లకు ఆ జేబు కింద చర్మం పుండయింది. కాలిందనుకోవడం సహజమే. కానీ లెక్క కుదరదు. ఒళ్లంతా నాలుగు గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) మోతాదు తగిలితే, వైద్యం అందనివాళ్లలో సగం మంది బతకరు. ఆ శక్తి ఒంటి వేడిని పెంచేది డిగ్రీలో వెయ్యో వంతు! గుటకెడు వేడి టీ అంతకంటే ఎక్కువ వెచ్చబెడుతుంది. మరి ప్రాణం తీస్తున్నదేమిటి?

1906లో బెర్గోనియే, ట్రిబోండో అనే పరిశోధకులు ఎలుకల వృషణాలలో ఒక జాడ పట్టుకున్నారు. ఎడతెగకుండా విభజన చెందే కణాలే చస్తున్నాయి, పక్కనున్న నిదానపు కణాలు నిలబడుతున్నాయి. జుట్టు, పేగు పొర, ఎముక మూలుగ ముందుగా దెబ్బతినేది అందుకే. 1927లో ముల్లర్ పండు ఈగలకు ఎక్స్‌రేలు తగిలించి, జన్యువులే మారిపోతాయని చూపాడు. 1956లో పక్, మార్కస్ గాజు పళ్లెంలో పెంచిన కణాలు మరీ వింత: కిరణం తగిలాక కూడా బతికే ఉన్నట్టుంటాయి, సంతానం మాత్రం పెరగదు. దెబ్బ డీఎన్‌ఏ మీదేనని క్రమంగా తేలింది. కిరణం కణంలోని నీటిని చీలిస్తే పుట్టే చురుకైన ముక్కలు దాని పోగులను తెంపుతాయి. ఒక పోగు తెగితే రెండోదాన్ని చూసి కణం అతుకు వేసుకుంటుంది. రెండూ దగ్గర దగ్గరగా తెగితే అతుకు తప్పుతుంది.

అలాంటప్పుడు ఇదే రేడియేషన్‌తో క్యాన్సర్ కణితిని చంపుతూ, పక్కనున్న మంచి కణజాలాన్ని కాపాడేదెలా? భీమవరం దగ్గరి పెదమీరంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద శిష్యుడైన ముదుండి రామకృష్ణరాజు అమెరికాలో ఈ చిక్కుముడినే పట్టుకున్నారు. రుణావేశపు పయాన్లు (పరమాణువు కంటే చిన్న రేణువులు) ఆగినచోట పరమాణు కేంద్రకాన్ని బద్దలు కొట్టి దెబ్బలను దట్టంగా కురిపిస్తాయి. దారిలో మాత్రం తేలికగా సాగిపోతాయి. ఆయన బృందం వాటిని బీన్ మొక్కల వేళ్ల మీద పరీక్షించింది. ఆక్సిజన్ తక్కువైన కణితి నడిబొడ్డులో ఎక్స్‌రేల బలం తగ్గుతుంది, పయాన్లకు ఆ ఇబ్బంది తక్కువ. పయాన్ల ప్రయోగం లాస్ అలమోస్‌లో రోగులకు చికిత్స దాకా వెళ్లింది గానీ, 1980ల మొదట్లో ఆగిపోయింది. ఆశించినంత మేలు కనబడలేదు. రాజు గారు స్వదేశానికి వచ్చి, సొంత ప్రాంతంలో పల్లె జనానికి క్యాన్సర్ వైద్యం అందించే పనిలో దిగారు. 2013లో పద్మశ్రీ అందుకున్నారు. దట్టమైన దెబ్బ అన్న ఆలోచన మాత్రం పోలేదు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి అదే పనిని కార్బన్ అయాన్లు చేస్తున్నాయి.