జరిగినదే జరగనిదైన వైనం

స్పెయిన్‌లో ఏదైనా మర్యాదగా అడగాలంటే ‘కిసియెరా’ అంటారు. ‘కావాలండీ’ అనడం కన్నా ఓ మెట్టు మెత్తన. లేని సంగతిని ఊహించడానికీ, ఇంకొకరు ఏదో చెయ్యాలని అప్పట్లో కోరానని చెప్పడానికీ స్పానిష్‌లో వాడే క్రియారూపం ఇదే. విచిత్రమేమిటంటే, దీని వంశమూలంలో ఊహ అన్నదే లేదు.

లాటిన్‌లో ‘అమావెరమ్’ అంటే ‘అప్పటికే ప్రేమించి ఉన్నాను’. అచ్చమైన గతం. ఊహకు వేరే రూపం ఉండేది, ‘అమావిస్సెమ్’. కాలక్రమంలో మొదటిది స్పానిష్ ‘అమారా’ అయింది, రెండోది ‘అమాసే’ అయింది. 1207 తేదీ వేసి ఉన్న, సిద్ అనే యోధుడి స్పానిష్ వీరగాథలో ‘-రా’ చాలాచోట్ల ఇంకా పాత పనే చేస్తోంది: అప్పటికే జరిగిపోయినదాన్ని చెబుతోంది.

గతం ఊహలోకి జారింది షరతు వాక్యాల దారిన. ‘ఇలా జరిగి ఉంటే’ అన్నాక వచ్చే ఫలితాన్ని, నిజంగా జరిగినట్టే గతంలో చెప్పే అలవాటు లాటిన్‌లోనే ఉంది. మనకిది కొత్తేమీ కాదు. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అంటాం. ‘రోజూ అక్కడే కొనేవాణ్ణి’ అనీ అంటాం. రూపం ఒక్కటే. ఫలితంలో కుదురుకున్న ‘-రా’ మెల్లగా షరతు భాగంలోకీ పాకి ‘-సే’ చోటు ఆక్రమించింది. నేటి వాక్యం ఇలా ఉంటుంది: ‘సి తువియెరా దినేరో, కొంప్రారియా ఊనా కాసా’. డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి.

స్పానిష్ నేర్చుకునేవాళ్లు బట్టీపట్టే సూత్రానికి మూలం కూడా ఈ చరిత్రే. భూతకాలంలో ‘వాళ్లు’ రూపం తీసుకుని, చివరి ‘-రోన్’ తీసేసి ‘-రా’ చేర్చాలి: ఆబ్లారోన్, ఆబ్లారా, తువియెరోన్, తువియెరా, దిహెరోన్, దిహెరా. ఎంత వంకర క్రియైనా సూత్రం తప్పదు. ఆ రూపాలన్నీ ఒకే లాటిన్ ధాతురూపం నుంచి పుట్టాయి కాబట్టే. ఈ సంగతి మొదటిరోజే చెబితే విద్యార్థికి సగం బరువు తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

లాటిన్ అమెరికా మాటల్లో ‘-సే’ ఇప్పుడు అరుదు. స్పెయిన్‌లో ఇంకా వినిపిస్తుంది. పక్కనున్న పోర్చుగీసులో మాత్రం ‘ఫలారా’ నేటికీ ‘అప్పటికే మాట్లాడాడు’ అన్న పాత అర్థాన్నే నిలుపుకుంది, ఎక్కువగా రాతలో. స్పానిష్ పత్రికలూ మాజీ అధ్యక్షుణ్ణి ‘ఎల్ కె ఫ్వేరా ప్రెసిదెంతే’ అని రాస్తుంటాయి. ఆ ‘ఫ్వేరా’లో ఊహ లేదు, ఉన్నదల్లా గతమే. ఈ వాడుక కృతకమని విసుక్కునే శైలీకారులున్నారు. వయసులో మాత్రం అది వాళ్లు ఒప్పుకునే వాడుక కన్నా పెద్దది.